జంధ్యానికి తాళంచెవి

బందరులో ఓ కాలేజీ ఫిజిక్సు ల్యాబు చూసే శేషాచలం గారు ఎవర్నీ నమ్మరు. బీరువా తాళంచెవి జంధ్యానికి కట్టుకుని, మాటిమాటికీ తడుముకుంటూ పిల్లల వెనకే తిరుగుతారు. ఆ రోజు స్ప్రింగుకు బరువు తగిలించి ఊపులు లెక్కపెట్టే ప్రయోగం. అందరికీ ఎప్పుడూ వచ్చే జవాబే వచ్చింది, సాబిరాకి తప్ప. "ఎవరి రికార్డు చూసి రాశావమ్మా? కాపీ కూడా సరిగ్గా కొట్టలేకపోయావే!" అన్నారు శేషాచలం గారు. "ఎవరిదీ చూళ్లేదండీ. కావాలంటే మీరే చూడండి సార్," అంది సాబిరా. మూతి బిగించి ఆయనే స్టాప్‌వాచీ నొక్కారు. సాబిరా జవాబే వచ్చింది. మళ్లీ నొక్కారు. అదే.

"ఈ స్ప్రింగు ఎవడ్రా మార్చింది?" అని అరుస్తూనే అలవాటుగా తాళంచెవి తడుముకున్నారు. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. పోయినేడు ఉప్పెన నీళ్లకు పాత స్ప్రింగు తుప్పుపడితే, బీరువా తీసి కొత్తది తగిలించింది తనే. అప్పట్నుంచీ సీనియర్ల రికార్డుల్లోంచి పాత జవాబు ఎక్కించుకొచ్చిన ప్రతివాడికీ 'సరి' అని సంతకం పెట్టిందీ తనే.