మూడు మూలల తాళంచెవి

పోలీస్ స్టేషన్లో మా మేనత్తకి పేరు లేదు. "తాళంచెవక్క వస్తోంది, కుర్చీలు దాచండ్రా" అని నవ్వుకునేవాళ్ళు. కుర్చీ ఇస్తే సాయంత్రందాకా లేవదని వాళ్ళ బాధ. ఇవ్వకపోయినా కదిలేది కాదు, గోడకి చేరగిలబడి నిలబడేది. అడిగేది మాత్రం ఒక్కటే: "మా తమ్ముడి తాళంచెవి ఎక్కడుంది?"

ఆ తమ్ముడు మా నాన్న. లిఫ్టు మెకానిక్కు. ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో, లిఫ్టు గోతి అడుగున శవమై దొరికాడు. నాలుగో అంతస్తు తలుపు తెరిచి ఉంది. లిఫ్టు ఎదురుగా లేనప్పుడు ఆ తలుపు ఊరికే తెరుచుకోదు, మెకానిక్కుల దగ్గరుండే మూడు మూలల తాళంచెవి పెట్టి తిప్పాలి. నాన్నే తెరిచాడనీ, లిఫ్టు ఉందనుకుని అడుగేశాడనీ పోలీసులు తేల్చేశారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ లిఫ్టులతో కాపరం చేసినవాడు, ముందు ఏముందో చూడకుండా అడుగేశాడట! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరే, అలాగే అనుకుందాం. మరి తాళంచెవి తలుపుకైనా ఉండాలి, నాన్న చేతిలోనైనా ఉండాలి, గోతిలోనైనా పడాలి. ఎక్కడా లేదు.

అదెలా ఉంటుందో అత్తకి కంఠతా వచ్చు. ఇనప పిడి అరచేతిని కోసేస్తోందని నాన్న గోల పెడితే, తన పాత సంచి పట్టీలోంచి తోలుముక్క కత్తిరించి, పిడిచుట్టూ ఎర్ర దారంతో కుట్టిచ్చింది తనే. "పెళ్ళికూతుర్ని చేసేశావక్కా దీన్ని" అని నాన్న ఏడిపించాడు. ఈ సంగతి స్టేషన్లో మొదటిరోజే చెప్పింది. రాసుకున్నారు, మరిచిపోయారు.

అమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. అత్త ఊరుకోలేదు. తనున్న ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేసి, ఎవరి అక్కో ఎవరికీ చెప్పకుండా అదే భవనంలో లిఫ్టు ఆపరేటరుగా చేరింది. "అది నిన్ను కూడా మింగేస్తుంది వదినా" అని అమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

"నాకు మాత్రం భయం లేదా? భయమని ఇంట్లో కూర్చుంటే ఎవరొచ్చి చెప్తారే?" అంది అత్త.

ఆ లిఫ్టు నేనూ ఎక్కాను. ముడుచుకునే ఇనప గేటు, మూల ఒక స్టూలు, దానిమీద అత్త. ఎక్కినవాళ్ళు ఆమెని కూడా స్టూలు కిందే జమకట్టి, ఇంటి గుట్లన్నీ మాట్లాడేసుకునేవాళ్ళు. అత్త వెనక్కి తిరక్కుండా వినేది. నాలుగో అంతస్తు వచ్చిందంటే మీట పట్టుకున్న వేళ్ళు తెల్లబడేవి. "వెనకాల నిలబడ్డవాళ్ళలో వాడూ ఉన్నాడేమో అనిపిస్తుందే. మెడమీద ఎవరి ఊపిరి తగిలినా వెన్ను జలదరిస్తుంది" అనేది నాతో.

ఆమె భయపడని మనిషి అక్కడ ఒక్కడే, భవనం మేనేజరు. నోరారా అక్కా అని పిలిచేవాడు. ఉక్కపోస్తోందంటే లిఫ్టులో ఫ్యాను పెట్టించాడు. మహా పొదుపరి. వంగిన మేకు కనిపించినా సుత్తితో సాపు చేసి దాచుకునేవాడు. "ఆయన గదిలో చచ్చిన బల్బులు కూడా పెన్షన్ తీసుకుంటున్నాయే" అని అత్త ఇంటికొచ్చి నవ్వేది.

ఇలా ఏళ్ళు గడిచాక, ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. లిఫ్టు నాలుగుకీ అయిదుకీ మధ్య ఆగిపోయింది. లోపల అత్త ఒక్కతే. కటిక చీకటి. కాసేపటికి మెట్లమీద అడుగుల చప్పుడు, మేనేజరు గొంతు వినిపించాయి. "కంగారు పడకక్కా, వస్తున్నా."

నాలుగో అంతస్తు తలుపు తెరుచుకుంది, కిటికీ వెలుతురు లోపలికి పడింది. లిఫ్టు నేల అతని ఛాతీ ఎత్తులో ఉంది. దాని కింద గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. అతను ఒక చెయ్యి పైకి చాచాడు. రెండో చేతిలో తాళంచెవి. పిడికి తోలుముక్క. దారం మురికిపట్టి నల్లబడింది గానీ, కుట్టు తనదే.

అత్తకి పైప్రాణాలు పైనే పోయాయి. తను తాళంచెవిని చూసిన సంగతి అతను గమనించాడో లేదో తెలీదు. చెయ్యి ఇవ్వనంటే తెలిసిపోతుంది. నోరు మూసుకుని అంచున కూర్చుంది, కాళ్ళు కిందికి వేలాడేసింది, చెయ్యి ఇచ్చింది. అతను గట్టిగా పట్టుకుని, చంటిపిల్లని దింపినట్టు దింపాడు.

"చూశావా, ఏం కాలేదుగా" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తుంటే అత్త పళ్ళు టకటక కొట్టుకున్నాయి. మణికట్టుమీద అతని వేళ్ళు ఇంకా ఎర్రగా తేలే ఉన్నాయి. "ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడవే. ఇంత గట్టిగా పట్టుకోగలిగినవాడు..." అని ఆగిపోయింది.

పట్టీలో తోలుముక్క కత్తిరించిన ఆ పాత సంచి తీసుకుని స్టేషన్‌కి వెళ్ళాం. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు, కుర్చీ వేసింది. సోదాకి వస్తున్నారని పొక్కితే అతను తాళంచెవిని ఏ కాలవలోనో పారేస్తాడు, అది చేతిలో ఉండగానే పట్టుకోవాలి అంది.

"అయితే నేను మళ్ళీ ఇరుక్కుంటాను" అంది అత్త.

"నీకేమైనా మతిపోయిందా అత్తా? చెయ్యి వదిలేస్తే?"

"మొన్న పట్టుకున్నాడుగా" అంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ మామూలు బట్టల్లో నాలుగో అంతస్తులో, మెట్ల మలుపు పక్కన నక్కింది. నన్ను రావద్దంది. నేను విన్లేదు. ఆమె వెనకే నిలబడ్డాను. నాలుగు దాటగానే అత్త గేటు లాగి తెరిచి, నడుస్తున్న లిఫ్టుని ఆపేసింది. పిలిచింది. తాళాల గుత్తి గలగల్లాడించుకుంటూ అతను వచ్చి తలుపు తెరిచాడు.

"మళ్ళీనా అక్కా? ఏదీ, చెయ్యి ఇవ్వు."

నాకు అంచున కూర్చున్న అత్త కాళ్ళే కనిపిస్తున్నాయి. వణుకుతున్న పాదం నుంచి ఒక చెప్పు జారి గోతిలో పడింది. చాలాసేపటికి గానీ చప్పుడు రాలేదు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ కదలబోయింది. మాట్లాడొద్దని ఆమె ముందే లక్షసార్లు చెప్పింది. అయినా అత్త మాట్లాడింది.

"మా తమ్ముడికి కూడా ఇలాగే చెయ్యి ఇచ్చావా?"

అతను కదల్లేదు. అత్త చెయ్యి అతని చేతిలో ఉంది, అత్త సగం శరీరం గోతిమీద ఉంది.

"నేను తొయ్యలేదక్కా" అన్నాడు నెమ్మదిగా. "వదిలేశానంతే."

అప్పటికే ఇన్‌స్పెక్టరమ్మ అత్త నడుం రెండు చేతులా చుట్టేసి ఇవతలికి లాగేసింది. ఇద్దరూ నేలమీద పడ్డారు. అతను పారిపోలేదు.

తర్వాత స్టేషన్లో అంతా చెప్పాడు. లిఫ్టుని మోసే పాత ఇనప తాడుకి రంగు వేయించి కొత్తదని లెక్క చూపించాడు. నాన్న కనిపెట్టాడు, యజమానికి చెప్తానన్నాడు. ఆ రోజు తను లోపలుండగా లిఫ్టు ఆగిపోతే, గేటులోంచీ తలుపు సందులోంచీ తాళంచెవి అందించి, బయటినుంచి తలుపు తియ్యమన్నాడు నాన్న. అతను తీశాడు. చెయ్యి ఇచ్చాడు. సగం దిగాక వదిలేశాడు. ఇన్నేళ్ళూ తాళంచెవి ఎందుకు దాచావని అడిగితే, మంచి సరుకు, పారెయ్యబుద్ధి కాలేదన్నాడు.

ప్రశ్న తీరింది కదా, ఇక అత్తకి కంటినిండా నిద్ర పడుతుందనుకున్నాం. ఇప్పుడు నా పక్కనే పడుకుంటుంది. నిద్రలో నా చెయ్యి వెతుక్కుని, ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుంటుంది. నేను విడిపించుకోను.