గోడ పక్క వడియాలు

పొద్దున్నే సోలార్ ప్యానెళ్లు కడిగితే తడిసిన దుమ్ము ఒక వాసన వేస్తుంది. సంతోష్‌నగర్‌లో మా డాబా మీద అది తగలగానే నాకు ఉస్మాన్‌గంజ్ వెనక సందులోని పాత ఇల్లు గుర్తొస్తుంది. వేసవి సెలవుల్లో పొద్దు పొడవకముందే నానమ్మ అక్కడి డాబాను బిందెలతో కడిగించేది, అది ఆరేలోగా మినప్పిండి, బూడిదగుమ్మడి ముక్కలు, ఇంగువ కలిపిన గిన్నె పైకి వచ్చేది, పాత నేత చీర పరిచి వడియాలు పెట్టేవాళ్లం, గంజ్ మార్కెట్‌లోని మిర్చి బస్తాల ఘాటు గాలిలో తేలివస్తే తుమ్ముకుంటూ పెట్టేవాళ్లం.

నానమ్మ ఎండను చెవితో కొలిచేది. సాయంత్రం ఒక వడియాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. టప్పుమంటే ఎండినట్టు, మెత్తగా వంగితే ఇంకో రోజు. ఎప్పుడూ గోడ పక్క వరుసలోంచే తీసేది. పావురాల గూళ్లున్న ఆ గోడ నీడ పదింటిదాకా ఆ వరుసను వదిలేది కాదు. మధ్యలోవి ఎందుకు చూడవని నేను తగువు పెట్టుకున్నాను. తగువు లేనిదే నాకు అప్పటికే అన్నం అరిగేది కాదు.

"ఎండినదాన్ని సూస్తే ఏం తెలుస్తది బిడ్డా? ఎండనిదాన్ని సూడాలె," అంది.

నా ఆరో తరగతి సెలవుల్లో ఆమె మోకాళ్లు మొరాయించాయి, మెట్లెక్కలేకపోయింది. బజార్లో పాకెట్లు దొరుకుతుంటే ఈ తిప్పలెందుకంది అమ్మ. నానమ్మ ఒప్పుకోలేదు, డాబా పని నాకు అప్పగించింది. ఈసారి చెడితే ఇక మానేద్దామన్నది అత్తాకోడళ్ల ఒప్పందం. ఆ ఇంట్లో నానమ్మకు మిగిలిన పెత్తనం అదొక్కటే.

మూడో సాయంత్రం కింద వాకిట్లో స్నేహితురాళ్లు తొక్కుడుబిళ్ల గీసి పిలుస్తున్నారు. గోడదాకా వెళ్లాలంటే చీర చుట్టూ తిరగాలి. చేతికందిన మధ్య వడియం తెచ్చి ఇచ్చాను. టప్పుమంది.

"గోడ పక్కదేనా?"

ఊ అన్నాను.

వడియాలన్నీ డబ్బాకెత్తిన పదిహేను రోజులకు మూత తీస్తే గుప్పున బూజు వాసన. గోడ పక్కవి గుప్పెడే, కానీ వాటి చెమ్మ డబ్బా మొత్తానికి పాకింది. అమ్మ ఏమీ అనకముందే నానమ్మ అంది: "నా చెవులే పోయినయి. ఇగ బజార్ల కొనుండ్రి." నేను పక్కనే ఉన్నాను. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నా నోరు అప్పుడు పెగల్లేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పెగల్లేదు, ఆమె పోయేదాకా.

ఈ ప్యానెళ్లు పెట్టించి నెలైంది. తొమ్మిదింటికి ఎండ మాడ్చేస్తున్నా ఫోన్‌లో కరెంటు సగం కూడా చూపించదు. పాతవి అంటగట్టావని, బిగించిన యూసుఫ్ భాయ్‌తో ఫోన్లో లొల్లి పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న మనిషి, మాట పడి కూడా, తీగను పటకారులా పట్టి కరెంటు కొలిచే మీటరుతో వచ్చాడు. మధ్య ప్యానెల్ చూపించి, దీన్ని కొలువు అన్నాను. ఆయన అటు చూడనైనా లేదు. పక్కింటివాళ్లు కొత్తగా ఎక్కించిన నీళ్ల ట్యాంకు నీడ చివరి ప్యానెల్ మీద పడుతోంది. వెళ్లి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నీ ఒక్క లైన్ల ఉన్నయి మేడం. ఒక్కదాని మీద నీడ పడ్డా మొత్తం డౌన్ అయితది. మంచిగున్నదాన్ని చూస్తే ఏం ఫాయిదా?"

ఓల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లని కాలేజీలో చదివిన నాకు, ఎక్కడ చూడాలో మాత్రం ఇద్దరు చెప్పాల్సి వచ్చింది. పదింటికి నీడ జారిపోయింది. మీటరులో రెండు ఆంపియర్లు మెల్లగా ఏడుకు ఎక్కాయి.

"తప్పు నాదే భాయ్," అన్నాను.

ఇంత చిన్నదానికి అంత పెద్ద మాటెందుకని ఆయన చాయ్ అడిగాడు.

ఉస్మాన్‌గంజ్ వెనక ఆ ఇల్లు ఇప్పుడు గోదాము. డాబాకు రేకులు కప్పారు, ఎండ తగలదు, పావురాలూ లేవు. మా వంటింట్లో ఉన్నవి బజారు వడియాలు, ఏది విరిచినా ఒక్కలాగే టప్పుమంటాయి. అయినా పాకెట్ విప్పినప్పుడల్లా అట్టడుగున ఉన్నదాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాను.