వచ్చింది వచ్చినట్టు మింగొద్దు

కాలేజీలో మాకు సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెప్పే మేడమ్‌ది బత్తలపల్లె. ఒక ప్రోగ్రాం పంపిన లెక్కకు ఇంకో ప్రోగ్రాం జవాబివ్వడం నేర్పుతూ, రోజూ కోపంగా ఒకే మాట అనేవారు: "వచ్చింది వచ్చినట్టు మింగొద్దండప్పా. ముందు సరిగా ఉండాదో లేదో చూడండి."

నేను అలాగే రాశాను. పరీక్షకు బయటినుంచి వచ్చిన సారు బ్రాకెట్ మూయకుండానే లెక్క పంపాడు. నా ప్రోగ్రాం "లెక్క తప్పు" అని తిప్పి పంపింది. జవాబు రాలేదని నాకు సున్నా వేశాడు.

"తప్పు పంపింది మీరు. పాపకు సున్నా ఎందుకేస్తారు సార్?" అని మేడమ్ అందరి ముందే నిలదీశారు. ప్రిన్సిపాల్ ఆ సారును క్షమాపణ అడగమని మేడమ్‌తో అన్నాడు.

"అడగను సార్. ఆ పిల్ల సరిగ్గా రాసినాది."

చివరికి సున్నా కొట్టేసి నాకు మార్కులు వేశారు. మాట వినలేదని ఆవిడను మాత్రం ఉద్యోగంలోంచి తీసేశారు. సంచి భుజాన వేసుకుని ఆవిడ వెళ్తుంటే ల్యాబులో ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. ఆ కాలేజీ మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మీద ఇంకా ఎక్కువ.