ముందే పెట్టిన టిక్కు

బస్టాండులో అందరూ ఆయన్ని టైముగారు అంటారు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో రాయడం ఆయన ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఆయన పుస్తకంలో ఏ బస్సూ ఆలస్యం కాలేదు. కిటుకేమిటో డ్రైవర్లకు తెలుసు. వాళ్లు టీ గ్లాసు కింద పెట్టకముందే ఈయన "బయల్దేరింది" అని రాసేస్తాడు. బస్సు ఆ తర్వాత తీరిగ్గా కదులుతుంది.

ఇంట్లో కూడా ఆయనకొక కాగితం ఉంది. ఎనిమిదేళ్ల కూతురికి ఫిట్స్ రాకుండా ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి సిరప్పు పడాలి. నాలుగేళ్ల కొడుక్కి రోజుకొక విటమిన్ బిళ్ల. రెండూ బీరువా పై అరలో, తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. బిళ్ల తియ్యగా ఉంటుంది మరి, వాడేమో కుర్చీలెక్కడం నేర్చాడు. మందిచ్చేవాళ్లు ముగ్గురు: ఆయన, భార్య, అత్తగారు. ఒకరిచ్చింది తెలియక ఇంకొకరు ఇవ్వకుండా, బీరువా తలుపుకి కాగితం అంటించి టిక్కులు పెట్టే పద్ధతి ఆయనే తెచ్చాడు. పాపకి చివరిసారి ఫిట్స్ వచ్చి పద్నాలుగు నెలలైంది. మందు తప్పితే మళ్లీ రావచ్చని, రెండుసార్లు పడినా ప్రమాదమేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఓ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి భార్య కూరగాయలతో వచ్చి అడిగింది.

"పాపకి మందు పడిందా?"

"టిక్కుందిగా, చూడు."

"టిక్కు కనిపిస్తూనే ఉంది. మీరిచ్చారా అని అడుగుతున్నా."

టైముగారు గుర్తు చేసుకోబోయాడు. సూది లేని చిన్న సిరంజిలోకి సిరప్పు తీయడం గుర్తుంది. డిపో నుంచి ఫోను రావడం గుర్తుంది. తర్వాతిది ఎంత తడిమినా దొరకలేదు.

"టిక్కెప్పుడు పెట్టారు?"

"మందు తీస్తూ..."

"అంటే ఇవ్వకముందే! పిల్ల కూడా బస్సే అనుకున్నారా?"

పాపని అడిగారు. "తాగాననుకుంటా," అంది బొమ్మ గీసుకుంటూ.

"ఇవాళా, నిన్నా?"

"రోజూ ఒకేలా ఉంటుంది కదమ్మా, ఎలా తెలుస్తుంది?"

"అక్క తాగింది, నేను చూశా! నాకింకో చాక్లెట్టు!" అన్నాడు తమ్ముడు.

"అది చాక్లెట్టు కాదురా, మందు. నీ సాక్ష్యం చెల్లదు, పో," అంది అమ్మమ్మ. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి పోసెయ్యండి బాబూ."

"ఇప్పటికే తాగి ఉంటేనో అమ్మా?" అంది భార్య.

పాప పెన్సిలు ఆపి అందరి ముఖాలూ చూసింది.

భార్య ఆస్పత్రికి ఫోన్ చేసింది. "తెలియకుండా ఊహించి ఇవ్వొద్దు," అంది నర్సు. "ముందు ఆ సిరంజి ఎక్కడుందో చూడండి. ఖాళీగా ఉందా, నిండుగా ఉందా?"

సింకులో లేదు. పెట్టెలో లేదు. మంచం కింద కూడా దూరి చూశారు. టైముగారు నడుం పట్టుకుని లేస్తుంటే అత్తగారు కళ్లు చికిలించింది.

"బాబూ, మీ జేబుకి ఆ గులాబీరంగు మరకేంటి?"

జేబులో చూస్తే పెన్ను పక్కనే సిరంజి. రెండు చుక్కలు కారినా నిండుగానే ఉంది. ఫోనెత్తే తొందరలో దాన్ని కూడా జేబుకి తగిలించుకుని, గంటసేపు ఇల్లంతా మోసుకు తిరిగాడాయన.

"మీ చొక్కాకి ఇంక ఫిట్స్ రావు లెండి," అంది భార్య.

అవతల నర్సు కూడా నవ్వేసింది. "అది పారబోసి, సిరంజి కడిగి, సీసాలోంచి కొత్తగా తీసివ్వండి. గంటే కదా, ఫర్వాలేదు. సాయంత్రం మాత్రం మామూలు టైముకే."

పాప తాగింది. గొంతు కదలడం ముగ్గురూ వంగి మరీ చూశారు. టైముగారి చెయ్యి జేబులోని పెన్ను మీదకి పోయింది. పాప దాన్ని లాక్కుంది. నాన్న టిక్కుని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎనిమిదింపావు అని రాసి, తన టిక్కు పెట్టింది.

"ఇకనుంచి మందు నువ్వియ్యి నాన్నా. టిక్కు నేను పెడతా."

"నా ఉద్యోగం ఊడబెరికావే!"

"సగమే."

సాయంత్రం ఏడింటికి పాప సిరప్పు తాగి, నోరు బార్లా తెరిచి చూపించి, పైన గ్లాసుడు నీళ్లు తాగి, పెన్ను మూత నెమ్మదిగా తీసింది. టైముగారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు.

"పెట్టవే తల్లీ, పెట్టు!"

"ఆగు నాన్నా, ఇంకా గొంతులోనే ఉంది."