జాబితాలో రెండో పేరు

ఒట్టు వేయను. ఒకసారి అబద్ధమాడినవాడి ఒట్టుకు విలువేముంది? కానీ ఇది జరిగింది... నా కళ్ల ముందే.

హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో, రిపోర్టులన్నీ దాచే సర్వర్ చూసుకునేవాణ్ణి. దాని మీద పూర్తి అధికారం ఒక గ్రూపులో ఉన్నవాళ్లకే. అసలు పాస్‌వర్డ్ తెలిసినా సరే, గ్రూపులో పేరు లేకపోతే పని జరగదు. ఆ కట్టడి పెట్టింది నేనే. అందులో రెండే పేర్లు. నాది, సాంబయ్యది. సాంబయ్య గుండెపోటుతో పోయి నాలుగు నెలలైంది. పేరు తీసేయాలి... చేయి రాలేదు. ఆయన భార్య రజితకు రిసెప్షన్‌లో ఉద్యోగం ఇచ్చారు.

ఆ రాత్రి వాన. డిస్కు నిండి ల్యాబ్ రిపోర్టులు ఆగిపోయాయి. ఫైళ్లు సర్దడానికి నన్ను నేను ల్యాబ్ గ్రూపులో చేర్చుకోబోయాను. కమాండులో ఒక్క అక్షరం మరిచాను. చేరడం చేరాను... అధికారమున్న ఆ గ్రూపుతో సహా నా పాత గ్రూపులన్నీ పోయాయి. ఇక అధికారం మిగిలింది చనిపోయిన మనిషి ఒక్కడికే.

రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని రజిత వచ్చింది.

"ఏమైందన్నా? డాక్టర్ సారు మీదికి లేస్తాండు."

"నాతోని అయితలేదు చెల్లె."

"ఆయనుంటేనా... నిన్ను నాలుగు తిట్టి, తనే చేసేటోడు."

అప్పుడు వినిపించింది. అద్దం అవతల, సర్వర్ గదిలో... టక్... టక్... టక్‌టక్.

ఎంటర్ రెండుసార్లు కొట్టడం సాంబయ్య అలవాటు. గదికి తాళం. తాళంచెవి నా జేబులో.

ఎవరెప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్ నా తెర మీద ముందే తెరిచి ఉంది; అందులో ఒక్కో వరుసా కదిలింది. సాంబయ్య లోపలికి వచ్చాడు... పూర్తి అధికారం తీసుకున్నాడు... గ్రూపులో నా పేరు చేర్చాడు... వెళ్లిపోయాడు.

రజిత గ్లాసులు పట్టుకునే అద్దం వైపు తిరిగింది. "అన్నా... గా చప్పుడు..."

తాళం తీశాను. కుర్చీ ఖాళీ.

మర్నాడు యాజమాన్యం లాగ్ చూసి నిలదీసింది. నా తప్పు బయటపడితే నా ఉద్యోగం పోతుంది. "సాంబయ్య పాస్‌వర్డ్ వాళ్లావిడకు తెలిసి ఉంటుంది" అన్నాను. వారంలో ఆమెను తీసేశారు. లాగ్‌లో ఆ వరుసలు కదిలిన క్షణంలో రెండు చేతుల్లో రెండు గ్లాసులతో ఆమె నా పక్కనే ఉందని... చెప్పలేదు.

పోయిన నెల నిజమంతా యాజమాన్యానికి రాసిచ్చాను. జవాబు రాలేదు. పరకాలలో ఆమె పుట్టింటికి వెళ్లి, ఆమెకూ చెప్పాను.

"ఆయన నిన్ను లోపటికి తీసుకున్నడు గదన్నా... నువ్వు నన్ను బయటికి పంపుతవని ఎరుకైతే తీసుకునేటోడా?"

అది సాంబయ్యేనా... తెలియదు. రజిత మాత్రం కాదు. నాకు తెలిసింది అంతే.