నర్సాపురం వైపు మబ్బు

నూకరత్నం ఎండబెట్టిన నెత్తళ్ళంటే అంతర్వేది చుట్టుపక్కల ఓ పేరుంది. ఇసుక అంటదు, ఉప్పు మించదు, విరిస్తే టప్పున విరుగుతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడది ఒకటే పద్ధతి. ఒడ్డున పాత వల పరిచి చేప పోస్తుంది, పక్కనే పీట వేసుకుని సముద్రం వైపు తిరిగి కూర్చుంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఓ తుఫాను వాళ్ళ పాకను ఊడ్చుకుపోయింది. అది సముద్రం మీద నుంచే వచ్చింది. అప్పటి నుంచి ఆవిడ కన్ను అటే. నీటి రంగు, గాలి వాటం చూసి రేపు వాన ఉందో లేదో చెప్పేస్తుంది. చాలాసార్లు సరిగ్గానే చెప్పింది కూడాను. అందుకే కాస్త మిడిసిపాటు.

కోడలు లావణ్యది తణుకు పక్క పల్లె. పుట్టింటివాళ్ళు కాలువలో చేపలు పడతారు, దాళ్వా కోతలప్పుడు కళ్ళాల్లో పనికి వెళ్తారు. ఆ పిల్ల ఫోనుకి పిడుగుల హెచ్చరికలు వస్తుంటాయి. మార్చి నెలాఖరులో అలా ఒకటి వస్తే కంగారుపడి, సగం ఎండిన చేపనంతా కుప్ప చేసి బరకం కప్పించింది. చినుకు రాల్లేదు సరికదా, బరకం కింద ఉక్కకి చేప మెత్తబడి కంపుకొట్టింది. నూకరత్నం వారం రోజులు కోడలి మీద దుమ్మెత్తిపోసింది.

ఇక ఏప్రిల్ పద్నాలుగు. తెల్లారితే వేట నిషేధం, రెండు నెలలు పడవలు కదలవు. కొడుకు శ్యాంబాబు ఆఖరి వేటలో తెచ్చిన నెత్తళ్ళు నిన్నటి నుంచి ఎండుతున్నాయి. ఇవి చేతికొస్తేనే ఆ రెండు నెలలూ ఇంట్లో పొయ్యి వెలిగేది. శ్యాంబాబు పడవను రేవుకి చేర్చడానికి వెళ్ళాడు. ఒడ్డున అత్తాకోడళ్ళిద్దరే ఉన్నారు.

మూడు దాటాక లావణ్య ఫోను కుయ్యోమని మోగింది.

"అత్తా, గంటలో పిడుగులంటండి. మన మండలం పేరే వేశారు. ఎత్తేద్దాం లెగండి."

"నీ ఫోను తగలెయ్యా! మొన్న చేసిన నిర్వాకం చాల్లేదా? చూడు, సముద్రం ఎలా ఉందో. ఒక్క మబ్బుతునక ఉందేంటే?"

నిజమే, లేదు. సముద్రం కడిగిన కంచంలా ఉంది.

"అటు కాదండి అత్తా. ఎండాకాలం వాన అటునుంచి రాదు. మా కళ్ళాల్లో ఎప్పుడూ పడమటి మూల నుంచే కొట్టేది. ఒక్కసారి వెనక్కి తిరగండి."

నూకరత్నం తిరగలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకి వాన సంగతి చెప్పడమా? విననట్టే చేపల్ని తిరగేస్తూ కూర్చుంది. అలా ఓ అరగంట పోయింది.

అప్పుడు సముద్రం మీది గాలి ఠక్కున ఆగింది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ సమయంలో గాలి ఆగడం ఆవిడ ఎన్నడూ ఎరగదు. అప్పుడు తిరిగింది వెనక్కి. నర్సాపురం వైపు ఆకాశం నల్లగా, నేలదాకా దిగిపోయి ఉంది.

"ఓర్నాయనో!" అంటూ బరకం అందుకుంది.

ఇద్దరూ వంగిన నడుం ఎత్తకుండా చేప ఊడ్చి గంపలకెత్తి, బరకం కింద చేరుస్తూ పోయారు. సగం ఎత్తారో లేదో ఈదురుగాలి ఇసుకను మొహాన కొట్టింది. ఉరుము నెత్తి మీదే పేలింది.

"ఇక వదిలేయండత్తా! పోదాం!"

"నువ్వు పో. ఈ మిగిలిన చేప కూడా ఎత్తేసి వస్తాను."

లావణ్య రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి ఆ వల పక్కనే చతికిలబడింది. "మీరు వస్తేనే నేను లేస్తాను. లేదంటే ఇద్దరం ఇక్కడే."

నూకరత్నం ఒకసారి చేప వంక చూసింది, ఒకసారి ఆ పిల్ల వంక చూసింది. చేతిలో గంప వదిలేసి కోడలి రెక్క పట్టుకుంది. ఇద్దరూ తుఫాను షెల్టరు దాకా పరుగో పరుగు.

మెట్లెక్కుతుండగా కళ్ళు బైర్లు కమ్మేంత వెలుగు, చెవులు గింగురుమనే చప్పుడు. తిరిగి చూస్తే చేప ఆరబోసిన చోటి పక్కనున్న కొబ్బరిచెట్టు తల భగ్గున మండుతోంది. ఆ వెంటనే వాన. వల మీది చేపంతా నీళ్ళలో తేలిపోతుంటే నూకరత్నం కిటికీ ఊచ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దుఃఖం చేప గురించే. కానీ రెండో చెయ్యి కోడలి భుజం వదల్లేదు.

మర్నాడు ఎండ మామూలుగానే కాసింది. తడిసిన సగం కోళ్ళమేతకి పోయింది. మిగిలిన సగాన్ని మళ్ళీ పరిచారు. సగం చేపతో ఒక నెల గడుస్తుంది, రెండో నెల సంగతి దేవుడికే ఎరుక. నూకరత్నం పీట తెచ్చి, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

అటుగా వెళ్తున్న పొరుగింటి పెద్దింట్లమ్మ నవ్వింది. "ఏంటే రత్నం, మొగుడి మీద అలిగినట్టు సముద్రం మీద అలిగావా?"

"అలకా లేదు, పాడూ లేదు. ఇటు నర్సాపురం వైపు నేను చూస్తున్నాను, అటు దాన్ని కూర్చోబెట్టాను," అంది నూకరత్నం.

వల అవతలి కొసన, సముద్రం వైపు తిరిగి లావణ్య కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను. కింద అత్తగారి రెండో పీట.