ఘాట్ డ్రైవరుకు నాలుగు సిద్ధాంతాలు

1997 జూన్‌లో నన్ను చిత్తూరు నుంచి తిరుపతిలోని ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి బదిలీ చేశారు. హోదా క్లినికల్ సైకాలజిస్టు. మందు రాసే అధికారం మాకు ఉండదు, అది సైకియాట్రిస్టుది. రోగితో మాట్లాడటం, పరీక్షలు పెట్టడం, మాటతోనూ అభ్యాసంతోనూ బాగు చేయడం మా పని. చుట్టాలకు ఈ తేడా చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

చేరిన కొన్నాళ్లకే మునిరత్నం అనే బస్సు డ్రైవరును మా దగ్గరికి పంపారు. ఊరు వడమాలపేట. తిరుమల ఘాట్‌లో బస్సు నడపడం ప్రతి డ్రైవరుకూ ఇచ్చే పని కాదు, విడిగా శిక్షణ ఇచ్చి ఎంచుకుంటారు. అలా ఎంపికైనవాడు ఇతను. ఆ వేసవిలో కొండ దిగేటప్పుడు బ్రేకు సరిగ్గా పట్టకపోతే, గేరు తగ్గించి, బస్సును కొండ వైపు రాయికి ఒరిపించి ఆపాడు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. డిపోలో దండ వేసి శాలువా కప్పారు. ఆ తర్వాత ఘాట్ మొదలయ్యేసరికి చేతులు బిగుసుకుపోవడం మొదలైంది. సెలవులన్నీ అయిపోయాయి. మరుసటి నెలాఖరులో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. పనికిరాడని బోర్డు రాస్తే ఇక స్టీరింగు ముట్టనివ్వరు. బస్సులు కడిగే పని దొరికితే దొరుకుతుంది, లేకపోతే ఇంటికే.

మా విభాగంలో కష్టమైన కేసును అందరం కూర్చుని చర్చించే ఆనవాయితీ ఉండేది. విభాగాధిపతి ప్రొఫెసర్‌గారి లెక్కలో మనసంటే మెదడు, మెదడంటే రసాయనాలు. ఇది హఠాత్తుగా భయం కమ్మే ప్యానిక్ జబ్బు, మాత్రలు మొదలుపెడదామన్నారు. మగతతో ఘాట్ ఎలా తోలతాడని నేనడిగితే, ముందు మనిషిని బాగుపడనివ్వవయ్యా అన్నారు.

నా సీనియర్ రాఘవాచారిగారిది మనోవిశ్లేషణ. ఇవాళ్టి భయానికి వేళ్లు చిన్నతనంలో, మనకే తెలియని మనసు అడుగున ఉంటాయంటారు వాళ్లు. మునిరత్నం నాయన ఎద్దులబండి తోలేవాడని తెలియగానే ఆయన ముఖం వెలిగిపోయింది. నాయన కొట్టేవాడా, బండి ఎప్పుడైనా బోల్తాపడిందా అని రోజుల తరబడి అడిగారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, చివరికి ఎద్దుల పేర్లు మాత్రం తేలాయి.

నేను ప్రవర్తనావాదిని. భయం నేర్చుకున్నదే గనుక మరిపించవచ్చు, వేళ్లు తవ్వనక్కర్లేదన్నది మా వాదం. భయపెట్టేదాన్ని మెట్టు మెట్టుగా దగ్గరికి తేవాలి, ఒక మెట్టు మీద గుండె నెమ్మదించాకే పై మెట్టు. కొత్తగా చేరిన షహనాజ్, చిత్తూరు బట్టల వ్యాపారి కూతురు, మానవతావాదం చదువుకుని వచ్చింది. తప్పొప్పులు ఎంచకుండా వింటే మనిషి తన దారి తనే వెతుక్కుంటాడని ఆమె నమ్మకం. ఆమె వినడానికి కూర్చునేది, అతను నోరు విప్పేవాడు కాదు. బోర్డు తేదీ ముంచుకొస్తుంటే ఈ మౌనవ్రతం ఏమిటని నాకు ఒళ్లు మండేది. వరండాలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి.

చివరికి ప్రొఫెసర్‌గారు పగలు మగత రానంత తక్కువ మోతాదులో మాత్ర రాసి, నా పద్ధతికి ఒప్పుకున్నారు. డిపోవాళ్లు ఒక ఖాళీ బస్సును, పక్కన కూర్చోవడానికి ఒక శిక్షకుణ్ణి ఇచ్చారు. మొదట ఆగిన బస్సులో కూర్చోవడం, తర్వాత కొండ కింద అలిపిరి దాకా వెళ్లి రావడం, తర్వాత మొదటి మలుపు. నెల తిరగకముందే మునిరత్నం కొండ ఎక్కి దిగాడు. చేతులు బిగుసుకోలేదు. నేను సంబరంగా ఘాట్ పనికి పనికొస్తాడని సర్టిఫికెట్ టైపు చేయించి ప్రొఫెసర్‌గారి సంతకానికి పెట్టాను.

షహనాజ్ అడ్డుపడింది. “ఆయన రేపు తోలాల్సింది జనాన్ని కదా సార్. సంతకానికి ముందు ఒకసారి మనమంతా ఎక్కి చూద్దాం” అంది. బోర్డు మూడు రోజుల్లో ఉంది. విసుక్కుంటూనే ఒప్పుకున్నాను.

నర్సులూ అటెండర్లూ కలిపి చాలామందిమి ఎక్కాం. ఇక్కడ కొండ బస్సు కదిలినా, మలుపు తిరిగినా గోవింద నామం చెప్పుకోవడం అలవాటు. ఎవరో ఎత్తుకున్నారు, అందరం గొంతు కలిపాం. రెండో మలుపు దగ్గర నామం మళ్లీ లేచింది. బస్సు ఆగిపోయింది. మునిరత్నం కుడిచెయ్యి స్టీరింగు మీద లేదు, తన పక్కనున్న తలుపు పిడిని పట్టుకుని ఉంది. శిక్షకుడు హ్యాండ్‌బ్రేకు లాగాడు. మిగతావాళ్లను దించి రోడ్డు పక్క గోడవారన నిలబెట్టి, నేనూ షహనాజూ అతని దగ్గర కూర్చున్నాం. పిడి వదిలాక అతనే మొదలుపెట్టాడు.

“దండేసినారు సార్ నాకు. ఆ పొద్దు నేను దూకేదానికి తలుపు మీద చెయ్యేసినా. ఎనకాల జనం గోవిందా అంటా ఉండారు. వాళ్లను ఇడిసిపెట్టి దూకేదానికి సూసినా. ఈ మాట నా పెండ్లానికి గూడా సెప్పలేదు.”

నేను కొండను భయపెట్టే వస్తువుగా ఎంచుకుని మెట్లు కట్టాను. అతన్ని పట్టి పీడిస్తున్నవి ఆ కేకలూ ఆ దండా. మనిషి తన గురించి తాను నమ్మే మాటను సాక్ష్యం అడిగి పరీక్షించాలనే మరో శాఖ ఉంది, కాగ్నిటివ్ అంటారు. దాన్ని నేను పైపైన చదివి వదిలేశాను. ఆ క్షణంలో నోటికి వచ్చింది ఆ శాఖవాళ్లు అడిగే ప్రశ్నే.

“చెయ్యి తలుపు మీద ఉంటే, కాలు యాడుండింది అప్పా?”

అతను తన కాలి వైపు చూసుకున్నాడు. “బ్రేకు మీదనే ఉండింది సార్. తియ్యలేదు” అన్నాడు. అని, అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

సర్టిఫికెట్ వెనక్కి తీసుకున్నాం. కొన్ని నెలలు మైదానం రూట్లో పెట్టి చూడమని బోర్డుకు రాశాం, వాళ్లు ఒప్పుకున్నారు. మునిరత్నం పుత్తూరు రూట్లో తోలుతూనే మా దగ్గరికి వచ్చేవాడు. సెలవు రోజుల్లో మేం జనంతో, గోవింద నామంతో ఘాట్ అభ్యాసం మళ్లీ మొదటి నుంచి చేయించాం. ఈలోగా డిపోలో తోటి డ్రైవర్లకు తలుపు సంగతి తనే చెప్పేశాడు. తిడతారని ఎదురుచూశాడు, ఎవరూ తిట్టలేదు. మరుసటి ఏడు ఘాట్‌కు తిరిగి వెళ్లాడు. కేసు ముగించే రోజున ప్రొఫెసర్‌గారు మాత్ర పనిచేసిందన్నారు, రాఘవాచారిగారు అపరాధభావం ఉందని తాను ముందే చెప్పానన్నారు. షహనాజ్ కేసు కాగితాలు సర్ది అల్మరాలో పెట్టింది.

సిద్ధాంతం మనకు ప్రశ్నలు నేర్పుతుంది. నేర్పని ప్రశ్న అడగాలని మనకు తోచదు. మేం నలుగురం, తలా ఒక పద్ధతిలో, మునిరత్నాన్ని నీకేం భయమనే అడిగాం. నీకేం సిగ్గని ఒక్కరమూ అడగలేదు. రిటైరయ్యే దాకా ప్రతి కొత్త రోగినీ ఆ రెండో ప్రశ్న కూడా అడిగాను.